అబ్బాస్ అలీ జిహ్వానిగ్రహ సంగ్రామము

ఆషాఢము వచ్చినను చినుకెరుగక, పలకల గనుల ధూళిచే ధూసరితమై, వేడి నిట్టూర్పులు విడుచుచున్న మార్కాపుర మహాపట్టణమున, ఒకానొక ఆదివార సాయంకాలమున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెద. చెవులున్నవారెల్లరు ఇటు కూర్చుండుడు. టీ తాగుచు విన్నను నాకు అభ్యంతరము లేదు.

ఈ గాథకు నాయకుడు అబ్బాస్ అలీ. కుట్టుమిషను సార్వభౌముడు, పొడుగు ప్యాంట్లను పొట్టిచేయుటలో అప్రతిహతుడు. అట్టి మహావీరునికి ఒక్కటే లోపము. తాను ముందే చూచిన సినిమాను ఎవరి ప్రక్కన కూర్చుండి చూచినను, దాని ముగింపును కడుపులో దాచుకొనలేడు. అతని పుణ్యమా అని ఎన్ని సినిమాలు మొదటి పాటకే ముగిసిపోయెనో! కొనకనమిట్ల నుండి వచ్చిన ప్రాణమిత్రుడు, కందిచేల రైతు మాలకొండయ్య, ఆనాడు గుమ్మముననే నిలిచి భీషణప్రతిజ్ఞ చేసెను.

“ఇదో బావా, ఈసారి గూడా ముందే చెప్పినావంటే, నీ ఇంట్లో సినిమా చూసేది ఇదే ఆఖరు. ఒట్టు!”

మాలకొండయ్య రాని ఆదివారము అబ్బాస్ అలీకి ఆదివారమే కాదు. చూడబోవు సినిమానా, అతడు నిన్ననే ఫోనులో చూచియుండెను! కావున పెద్ద కిళ్ళీనొకదానిని బుగ్గన దట్టించి, పెదవులు బిగించి, టీవీ ముందు ఆసీనుడయ్యెను.

తెలుగు మాటలాడు విదేశీచిత్రము మొదలయ్యెను. మంచుదేశపు రేవున ఎవ్వరితోను పొసగని ముసలి పడవవాడొకడు. పరదేశమునుండి వలసవచ్చి రొట్టెలు కాల్చుకొను పడుచొకతె. తొలుత తిట్టుకొనిరి, పిదప రొట్టె పంచుకొనిరి. మిత్రులిరువురి మనస్సులు వెన్నవలె కరగెను. కాని హా! ద్వీపమున చిక్కిన ఆమె తమ్ముని తెచ్చుటకు ముసలివాడు తుఫానులో పడవ దింపినంతనే, రహస్యము అబ్బాస్ అలీ గుండెనుండి బయలువెడలి, గొంతుకనెక్కి, దంతప్రాకారమును ఢీకొనెను. వీరుడు నమిలెను. కణతలు పొంగెను. మరల నమిలెను.

అంతలో శత్రువు ప్రక్కనుండియే వచ్చెను. మాలకొండయ్య అతని మోకాలు పట్టుకొనెను.

“బావా, నా వల్ల కాదు. ముసలాయన తిరిగొస్తాడా లేదా? ఒక్క మాట చెప్పు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినా!”

అహో, ఎంతటి ప్రలోభము! అడిగినవాడు మిత్రుడు, చెప్పినను దోషము లేదు. అయినను అబ్బాస్ అలీ కన్నులు మూసి, కిళ్ళీరసమును గుటుక్కున మ్రింగి, వ్రేలితో తెరను మాత్రమే చూపెను.

తెరపై తెల్లవారిన రేవున పడవ కనబడెను. మాలకొండయ్య తువాలుతో కన్నులొత్తుకొనుచు మిత్రుని కౌగిలించెను.

“ఏంది బావా, నోరే తెరవలేదు! ఒంట్లో బాగుందా? వచ్చే ఆదివారం గూడా వస్తా.”

అప్పుడే, వంటపని తెమలగానే ఆ సినిమాను మొదటినుండి చూడవలెనని మధ్యాహ్నమునుండి ఉవ్విళ్ళూరుచున్న ఇల్లాలు షహనాజ్, టీ గ్లాసులతో ప్రవేశించెను. మాలకొండయ్య ఆనందము పట్టలేకపోయెను.

“చెల్లెమ్మా, చూసి తీరాల్సిన సినిమా! చివరాఖరికి ముసలాయన తమ్ముణ్ణి తీసుకొని తిరిగొచ్చేస్తాడు!”

షహనాజ్ కన్నులెర్రజేసి, అలవాటు చొప్పున, భర్తవైపే తిరిగెను.

“ఖుదా కసమ్! ఈసారి నేను గాదు!” అని అబ్బాస్ అలీ గర్జించెను.

దశదిశలు విను గాక! ఆ ఆదివారమున మార్కాపురమున ఒక ముగింపు హతమైన మాట నిజమే. అది అబ్బాస్ అలీ చేత మాత్రము కాదు.