వంటింట్లో కెర్నెల్

ఆ రోజు కోడలు వేసుకున్న లెక్క చాలా సులువైనది. తొమ్మిదింటికల్లా వంట ముగించి, వంటింటి బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి, ఆఫీసు కంప్యూటర్లో కెర్నెల్ తయారీ మొదలుపెట్టాలి. మూడింటికి కంపెనీ పెద్దసారుకు చూపించాలి. ఆమె చేరిన కంపెనీ ఆసుపత్రి లిఫ్టులను నడిపే పెట్టెలు చేస్తుంది. ఆ పెట్టె లోపలి కంప్యూటర్‌కు కెర్నెల్ ప్రాణం లాంటిది. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే. మూడు నెలల పరీక్షకు ఇదే ఆఖరి రోజు. పనైతే ఉద్యోగం ఖాయం, కాకపోతే ఇంటికి పంపించేస్తారు. ఇంట్లో కూర్చునే పనిచేస్తోంది కాబట్టి, పంపించేస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా ఆమెకు తెలియదు.

అంతకన్నా పెద్ద భయం బావగారు. ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆ కంపెనీ కంప్యూటర్లన్నిటికీ కాపలా ఆయనదే. ముందుగదిలో తలుపేసుకుని ఆయనా ఇంటినుంచే పనిచేస్తారు. పెళ్లయి రెండేళ్లయినా ఆమె ఆయనతో నేరుగా మాట్లాడినవి పది మాటలుంటాయేమో. ఏం కావాలన్నా మధ్యలో అత్తగారి రాయబారమే.

పని మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఫ్లెక్స్ అనే పనిముట్టు లేదంటూ తయారీ ఆగిపోయింది. కెర్నెల్ చేయాలంటే అలాంటి చిన్న చిన్న ప్రోగ్రాములు చాలా కావాలి. గరిటె లేకుండా వంటకు దిగినట్టయింది. బావగారిని అడిగితే, అది కూడా చూసుకోకుండా మొదలుపెట్టావా అంటారేమోనని అడగనేలేదు. ఉద్యోగం ఖాయం కానివాళ్లకు కంప్యూటర్లో సొంత పేరుండదు, ఉమ్మడి పేరుతోనే లోపలికి వెళ్లాలి. ఆ పేరుతోనే గప్‌చుప్‌గా ఫ్లెక్స్ తెచ్చి పెట్టి మళ్లీ మొదటినుంచి నడిపింది. బైసన్ అనే ఇంకో పనిముట్టు లేదంది. అదీ తెచ్చి పెట్టింది. ఈసారి మళ్లీ ఫ్లెక్స్ లేదంది.

ఇందాక పెట్టింది ఏమైపోయింది? ఇంకోసారి పెట్టింది. ఈలోగా బైసన్ పోయింది. తన చెయ్యి తగిలి ఆఫీసు కంప్యూటరంతా కరిగిపోతోందని ఖాయం చేసుకుంది. ఇవాళ ఫ్లెక్స్ పోయింది, రేపు లిఫ్టులు పోతాయి. ఎవరో రోగి మంచంతో సహా రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినట్టు కళ్లకు కట్టింది.

పదకొండింటికి అత్తగారు ముందుగదిలో కాఫీ ఇచ్చి వచ్చి, ఆఫీసు కంప్యూటర్లో దొంగ పడ్డాడని చెవిలో చెప్పింది. కోడలికి విషయం అర్థమైంది. అయితే తన పనిముట్లు పట్టుకుపోతున్నది వాడన్నమాట. ఈసారి ఒక్కోదాన్నీ మూడేసి చోట్ల పెట్టి, పైకి కనబడకుండా దాచింది. పావుగంటలో దాచినవన్నీ పోవడమే కాదు, ఉమ్మడి పేరుకున్న రహస్యపదం కూడా మారిపోయింది.

దొంగకు దారి మూసేశారని సంతోషించాలో, తనకూ మూసేశారని ఏడవాలో తెలియలేదు. బావగారు ఇంట్లో వైఫైకీ, టీవీకీ, అన్నిటికీ అత్తగారి ఫోన్ నంబరునే తిరగేసి పెడతారు. అదే కొట్టి చూసింది. ఆఫీసు కంప్యూటర్ తెరుచుకుంది. ముందుగదిలో కుర్చీ పడిన చప్పుడైంది.

కాసేపటికి అత్తగారు పాలిపోయిన మొహంతో వచ్చింది. "కొత్త తాళం నిమిషంలో తీసేశాడట. ఇది ఒక్కడి పని కాదు, ముఠా అంటున్నాడు పెద్దాడు. మూడింటికల్లా పట్టివ్వకపోతే వాడి ఉద్యోగం ఊడుతుందట." అంటూనే ల్యాప్‌టాప్ వైపు వంగింది. అత్తగారికి ఇంగ్లీషు రాదు. కానీ బొమ్మ చూసినట్టు అక్షరాలను చూస్తుంది. "ఇదేమిటే? నాలుగక్షరాలు, చివర గుణకారం గుర్తు. దొంగ సామానని వాడు చూపించింది కూడా ఇదే."

కోడలు తెర చూసింది. ఇంగ్లీషులో ఫ్లెక్స్ అని ఉంది. గోడ చూసింది. గోడకు అవతల ముందుగది.

ఆ గది తలుపు ఆమె అంతవరకూ తట్టలేదు. తట్టింది.

"బావగారూ, దొంగ దొరికింది."

ఆయన కర్టెన్ చాటునుంచి వీధిలోకి చూస్తూ నిలబడి ఉన్నారు. "ఎక్కడ?"

"వంటింట్లో."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

బావగారు చెప్పిందేమిటంటే, పోయిన నెలలో ఆఫీసు కంప్యూటర్లో నిజంగానే ఒక దొంగ దూరాడట. ఇంకోసారి దూరితే మీరు మాకక్కర్లేదని పెద్దసారు చెప్పేశారట. అందుకే ఉమ్మడి పేరుతో ఎవరో తెచ్చి దించుతున్నవాటిని ఆయన పొద్దుట్నుంచీ తీసి పారేస్తున్నారు. కోడలు చెప్పిందంతా విని ఆయన పడిపోయిన కుర్చీని లేపి కూర్చున్నారు. ఇక దేన్నీ ముట్టుకోలేదు. మూడింటికి ఐదు నిమిషాలుందనగా కెర్నెల్ తయారైంది.

మూడింటికి పెద్దసారు ఫోన్ చేశారు. అబద్ధం అల్లుకునే టైము లేక బావగారు ఉన్నదున్నట్టు చెప్పేశారు. కోడలు గుమ్మంలో నిలబడి స్పీకరులో వింటోంది.

"తాళం వేసినాయనకంటే తీసినావిడకే తాళాల సంగతి ఎక్కువ తెలిసినట్టుంది," అన్నారు పెద్దసారు. "రేపట్నుంచి కాపలా ఆ అమ్మాయి చూస్తుంది. ఏమేం తీసి పారేశారో మీకు తెలుసు కదా, ఇకమీద కెర్నెల్ మీరు చేయండి."

మర్నాడు కోడలు రహస్యపదాలన్నీ మార్చి, ఎవరు పెట్టారో తెలియని సామానంతా శుభ్రంగా ఊడ్చేసింది. తొమ్మిదీ పావుకు ముందుగదినుంచి అత్తగారు రాయబారం మోసుకొచ్చింది.

"ఫ్లెక్స్ లేదట. నేరుగా అడగడానికి వాడికి భయమట."