మడ బురదలో పెద్ద ఎవరు?

మడ అడవి బురదలో నివసించే సూక్ష్మజీవులన్నింటిలో పెద్ద ఎవరో తేల్చడానికి ఒక ఉన్నతస్థాయి సంఘం నియమితమైందన్న శుభవార్తను ప్రజలు ఎంతో ఊరటతో స్వీకరించారు. ఆ బురద పుట్టిన నాటినుండీ పెద్ద లేకుండానే అక్కడ పని జరిగిపోతున్నదన్న సంగతి అంతకుముందు ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే నిద్రపట్టేది కాదు.

తప్పంతా పరిశోధనశాలలో తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న ఒక శాస్త్రవేత్తది. మోకాటి లోతున దిగి నమూనాలు తెచ్చే ఆమెను తోటివారు బురదమ్మ అనేవారు. ఆమె ఆ బురదను ఒక పీపాలో పోసి, రంపపు పొట్టు, ఎండుటాకులు, గడ్డి వేసి మూత బిగించింది. కొన్నాళ్ళకు ఆ చెత్త కరిగి చక్కెర నీళ్ళయింది. దానినుండి ఇంధనం తీయవచ్చు. ఊరి చెత్తకుప్పలు కాల్చే పొగ తప్పుతుంది. ఈ పనికి గుర్తింపు వస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. రాకుంటే ఏడాది చివర ఆమె ఇంటికి, పీపా మురుగు కాలువకు.

సంచాలకులవారు పీపాను దర్శించి, ముక్కుకు రుమాలు అడ్డు తీయకుండానే పరవశించారు.

"అద్భుతమమ్మా! ఇంతకీ ఈ పని చేసిందెవరు?"

"అందరూనండీ. ముందు బూజు చెక్కను వదులు చేస్తుంది. ఆ సందులో దూరి ఒక బ్యాక్టీరియా పీచును తెంపుతుంది. ఆ ముక్కల్ని ఇంకోటి చక్కెర చేస్తుంది. ఒకదాని ఎంగిలి ఇంకోదానికి అన్నం."

"అది సరేనమ్మా, పెద్ద ఎవరు?"

"పెద్దంటూ ఎవరూ లేరండీ."

"మరి సంతకం ఎవరు పెడతారు?"

శాస్త్రం ఇంకా అంత దూరం పోలేదు.

పైగా ప్రభుత్వం ప్రకటించిన పతకం ఒక్కటే. అందుచేత సంఘం ఏర్పడింది. సభ్యులలో ఒకరు బూజుల పండితులు, ఇంకొకరు బ్యాక్టీరియాల పండితులు. వారిద్దరికీ మాటలు లేవు గనుక, రెండింటి గురించీ ఏమీ తెలియని ఒక విశ్రాంత అధికారి అధ్యక్షులైనారు. నిష్పాక్షికతకు అంతకన్న హామీ ఏముంటుంది?

బురదమ్మ కాళ్ళావేళ్ళా పడుతున్నా వినక, ఆ ముగ్గురూ మూత తీయించి, జీవులను విడదీసి, ఒక్కొక్కరినీ ఒక్కొక్క గాజు పళ్ళెంలో కూర్చుండబెట్టి, ఎదుట చెక్కముక్క ఉంచారు. బూజు చెక్కను కాస్త వదులు చేసి, వెనుక వచ్చేవారికోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. పీచు తెంపేది సందు దొరకక అలిగింది. చక్కెర చేసేది ముక్కలు అందక శుష్కించింది. "ఒకరిపై ఒకరు పని నెట్టుకొను స్వభావము కలవి" అని సంఘం అభిప్రాయపడింది. అయినా అధ్యక్షులు దయామూర్తులు. జీవులు నీరసిస్తున్నాయని జాలిపడి, ప్రతి పళ్ళెంలోనూ ఒక చెంచా చక్కెర నీళ్ళు పోయించారు.

అప్పుడు చివరి పళ్ళెంలోని జీవిగారు వెలుగులోకి వచ్చారు.

వారు పీపాలో చెక్కను వదులు చేసినవారు కారు, పీచును తెంపినవారూ కారు. తక్కినవారు తయారుచేసిన చక్కెరను ఆరగిస్తూ ఒక మూల యోగనిద్రలో ఉండేవారు. పళ్ళెంలో చక్కెర పడగానే తెల్లవారేసరికి బంగారు వర్ణంతో, నున్నగా, గుండ్రంగా అంచుదాకా విస్తరించారు. సంఘ సభ్యులు తమకు తెలియకుండానే లేచి నిలబడ్డారు.

"ఏం వర్చస్సండీ!" అన్నారు అధ్యక్షులు.

"అయ్యా, అది చెక్కను ముట్టుకోనే లేదు," అంది బురదమ్మ.

"పెద్దవాళ్ళు పని ముట్టుకుంటారామ్మా? చేయిస్తారు."

తక్కిన జీవులను తిరిగి పీపాలో పోసి, ఈ పెద్దను సకల లాంఛనాలతో దానికి అధిపతిగా ప్రవేశపెట్టారు. వారం తిరక్కుండా ఉన్న చక్కెర మాయమైంది. తిండి లేక బూజు చచ్చింది, తక్కినవీ చచ్చాయి. ఆకులు ఆకులుగానే మిగిలాయి. పని అతివేగంగా సాగుతున్నందున ఫలితం కంటికి ఆనడం లేదని సంచాలకులు పత్రికలవారికి వివరించారు.

పతక ప్రదానం నాడు ప్రశంస పలికే భారం బురదమ్మపై పడింది. ఉద్యోగం పొడిగింపు ఉత్తర్వు సంచాలకుల జేబులోనుండి తొంగిచూస్తున్నది. పోతే పోనీ, అబద్ధం మాత్రం ఒక్క ముక్క ఆడనని ఆమె నిశ్చయించుకున్నది.

"సభకు నమస్కారం. ఈ జీవి ఇతరుల శ్రమఫలాన్ని అసాధారణ వేగంతో స్వీకరించగలదు. చుట్టూ ఉన్నవారు ప్రాణాలు విడుస్తున్నా తాను నిబ్బరంగా వర్ధిల్లగలదు. ఇది అధికారం చేపట్టాక పీపాలో ఒక్క ఆకు కూడా కరగలేదు. ఇంతకుమించి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు."

బురదమ్మ కాగితం మడిచింది. మరుక్షణం చప్పట్లతో పైకప్పు అదిరింది. సంచాలకులు కళ్ళు తుడుచుకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"వచ్చే నెల నా పదవి పొడిగింపు సభ ఉందమ్మా. ఇదే చదువు. పేరొక్కటి మార్చు తల్లీ, ఇంకేం కదపకు!"

ఉత్తర్వు ఆమె చేతికి వచ్చింది. ఉద్యోగం నిలిచింది. ఇకపై ఆమె విధి పతకగ్రహీతకు పూటపూటకూ చక్కెర పోయడం. పీపాలో చక్కెర పుట్టడం లేదు గనుక అంగడిలో కొంటారు. "ఇన్నాళ్ళకి నీ దగ్గర బురద వాసన పోయిందే అమ్మాయ్!" అని అత్తగారు మురిసిపోయారు. బురదమ్మ ఆ రాత్రి అన్నం సహించక కంచం ముందునుండి లేచింది.

ఆ చక్కెర నిమిత్తం మనందరిపైనా ఒక స్వల్పమైన సుంకం విధిస్తున్నట్లు ఆ సభలోనే ప్రకటించి, అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తవలసిందిగా కోరారు. అప్పటికి మన చేతులు రెండూ చప్పట్లలో ఉన్నందున, ఎవరికీ వీలు చిక్కలేదు.