తాగుతానన్న మేయరు

బుధవారం పొద్దున మార్లిస్‌కు రెండే పనులున్నాయి: పత్రికను అచ్చుకు పంపడం, పన్ను పీకించుకోవడం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, కార్వర్స్ బెండ్ అనే ఊరి వారపత్రికకు సంపాదకురాలూ, విలేకరీ ఆమే. మొక్కజొన్న పొలాల ఎరువు ఊరి బావుల్లోకి దిగుతోందని జనం గొణుగుతుంటే, మేయరు గోర్డన్ ఒక ప్రకటన పంపాడు. "కుళాయి నీళ్లు భేషుగ్గా ఉన్నాయి. నేను రోజూ అవే తాగుతాను." ఎప్పటిలాగే ఆమె ఒక్క ప్రశ్నయినా అడగకుండా టైపు చేసింది. పంటి పోటులో "తాగుతాను" కాస్తా "తాగను" అయింది.

గురువారం పత్రిక వచ్చిన కాసేపటికే అంగళ్లలో నీళ్ల సీసాలు ఖాళీ. బడి కుళాయిలకు గుడ్డలు చుట్టేశారు. తప్పు చూసుకున్న మార్లిస్ సవరణ సంగతి చెప్పడానికి వాచిన బుగ్గతోనే మేయరు ఆఫీసుకు ఫోన్ చేసింది.

"షవరణ వేస్తామని గోర్డన్‌కు చెప్పమ్మా."

"మరణమా? ఎవరు పోయారండీ?" అంది గుమాస్తా. జవాబు వినకుండానే ఫోన్ పెట్టేసింది.

నీళ్లు తాగి ఎవరో పోయారని ఊరంతా గుప్పుమంది. సాయంత్రానికి టౌన్ హాలు కిక్కిరిసింది. గోర్డన్ అందరి ముందూ కుళాయి తిప్పి గ్లాసు నింపాడు.

"ఎవరూ పోలేదు. ఈవిడ పన్ను నొప్పికి ఊరు ఊరంతా అల్లాడుతోంది. చూడండి, తాగుతున్నా."

అప్పుడే నీటి సరఫరా చూసే ఆర్విన్ లోపలికొచ్చాడు. అతనూ పత్రిక చదివాడు.

"పోనీలే గోర్డన్, నువ్వే బయటపెట్టేశావు. ఆ పరీక్ష సంగతి తెలిసినప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు."

"ఏ పరీక్ష?" అంది మార్లిస్. ఆ హాల్లో చాలాకాలానికి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆర్విన్ మేయరు ముఖం చూశాడు. పొరపాటు అర్థమైంది, కానీ అప్పటికే ఆలస్యమైంది. "నీళ్లలో ఎరువు నైట్రేటు ఎక్కువుంది. పెద్దవాళ్లు తట్టుకుంటారు. పసిబిడ్డలకు మాత్రం..." అని ఆగిపోయాడు.

వెనక వరసలోంచి కైల్ అనే కుర్రతండ్రి లేచాడు. "మా పాప ఆసుపత్రిలో ఉంది. ఒళ్లు నీలంగా అయిపోతోంది, ఎందుకో తెలియట్లేదంటున్నారు. డబ్బాపాలు ఈ నీళ్లతోనే కలుపుతున్నాం."

గోర్డన్ చుక్క ఒలక్కుండా నిండు గ్లాసు బల్లమీద పెట్టాడు. కైల్ డాక్టరుకు ఫోన్ చేశాడు. మార్లిస్ అతని పక్కనే నిలబడింది.

కారణం తెలిశాక డాక్టర్లు మందు మార్చారు. పాప బతికింది. గోర్డన్ రాజీనామా చేశాడు. కొత్త మేయరు కుర్చీ ఎక్కిన వారమే ప్రకటన పంపాడు: ఇక భయం లేదు, నీళ్లు స్వచ్ఛంగా ఉన్నాయి.

మార్లిస్ దాన్ని పక్కనపెట్టి, పరీక్షకు నీళ్లు పట్టడానికి ఖాళీ సీసా తీసుకుని బావుల వైపు బయలుదేరింది. పరీక్ష అంకెలు పోగా చోటు చాలక ఆ వారం మేయరు మాట అచ్చు కాలేదు.