ఏరియేటర్ జోలపాట

కరకట్ట ఎక్కడ తెగుతుందోనని ఊరు ఊరంతా ఇసక బస్తాలు మోసిన వరద ఏడు. మా దివిసీమ వాళ్లకి క్యాలెండరుతో పెద్దగా పనిలేదు. ఉప్పెన ఏడు, లంకలు మునిగిన ఏడు, ఇసక బస్తాల ఏడు. ఇంతే లెక్క. నాకు నిద్ర పట్టడం ఆగిపోయింది ఈ ఇసక బస్తాల ఏడే.

అయ్యో పాపం అంటున్నారా? అనకండి. నిద్ర పట్టకపోవడమంత అదృష్టం ఇంకోటి లేదు. పట్టేవాళ్లని చూస్తే నాకు జాలి.

నిద్ర పట్టాలంటే ఏం చెయ్యాలో పేపర్లలో రోజూ రాస్తున్నారు. గోరువెచ్చని పాలు తాగమంటారు. కాళ్లు కడుక్కోమంటారు. నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమంటారు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకు ముందుకి లెక్కపెట్టడమే కష్టం. పోనీ, వాళ్ల రాత వాళ్లది. నిద్ర లేకుండా ఎంత బాగా బతకొచ్చో రాసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అందుకని నేను పూనుకున్నాను.

ముందు నా అదృష్టం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలి.

ఆ వరదకి మా వీధి చుట్టూ ఉన్న వరి మొత్తం కుళ్లింది. రైతులు విసిగిపోయి పొలాలు గుడివాడలో ఉండే ధర్మారావు గారికి లీజుకిచ్చేశారు. ఆయన తవ్వించి రొయ్యల చెరువులు చేశారు. మధ్యలో నా ఎకరం ఒక్కటి మిగిలింది. మా నాన్నకి పట్టా వచ్చిన ఎకరం. నేను దాన్లో ఇంకా వరే వేస్తున్నాను. పొలం అంచునే మా ఇల్లు. ఆ ఎకరం కూడా ధర్మారావు గారికి కావాలి. అది లేక ఆయన చెరువుకి ఒక మూల తగ్గిందట.

రొయ్యకి ఊపిరాడాలంటే నీళ్లు చిలుకుతూ ఉండాలి. అందుకని చెరువు నిండా ఏరియేటర్లు. అంటే మోటారుతో తిరిగే రెక్కల చక్రాలు. రాత్రంతా తిరుగుతాయి. మబ్బు పడితే పగలూ తిరుగుతాయి. ఆ మోత ఎలా ఉంటుందంటారా? మీ మంచం కింద వాషింగ్ మిషన్ పెట్టి, దాన్లో బట్టలకి బదులు ఇటుకలు వేసి చూడండి. మా వీధికి మూడు వైపులా అవే. నాలుగో వైపు నా వరి. అది పాపం ఏమీ మాట్లాడదు.

పోనీ పగలు ఒక కునుకు తీద్దామా? కొంగలు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా టపాకాయలు కాలుస్తారు. మాకు దీపావళి ఏడాది పొడుగునా ఉంటుంది. ఎంతమందికి దొరుకుతుందండీ ఈ భోగం!

ఇక లాభాలు చూడండి.

మా వీధిలో దొంగతనాల్లేవు. జనమంతా మేలుకుని కూర్చుంటే ఏ దొంగ వస్తాడు? తెలియక ఒకడొచ్చాడు. అరుగుల మీద వరసగా కూర్చున్న మమ్మల్ని చూసి, "ఏం బాబాయ్, ఇంకా పడుకోలేదా?" అని పలకరించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

కాపురాలు బాగుపడ్డాయి. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. చెప్పాల్సిందేదో పెళ్లయిన కొత్తలోనే చెప్పేశాను. మా ఆవిడ కృపావతి మాత్రం మాట్లాడుతుంది. ఇదివరకు జవాబు చెప్పకపోతే గొడవయ్యేది. ఇప్పుడు ఆవిడ అన్నది నాకు వినపడదు. నేను అనంది ఆవిడకి వినపడినట్టే ఉంటుంది. ఆలుమగల తగువులకి కౌన్సెలింగులని పెడుతున్నారే, ఆ ఖర్చెందుకు? ఇంటికో ఏరియేటర్ ఇప్పించండి!

భక్తి పెరిగింది. ఇది అన్నిటికన్నా పెద్ద లాభం. మా పాస్టరు ప్రేమ్ కుమార్ గారు ఆదివారం వాక్యం ఎత్తుకోగానే సంఘం సంఘమంతా తలలు దించేస్తుంది. పూర్వం ఇలా లేదు. మా ఊరికి ఉజ్జీవం వచ్చిందని ఆయన బందరు మీటింగులో సాక్ష్యం కూడా చెప్పొచ్చారు. మొన్న ఓ ఆదివారం తొందరగా ముగించబోతుంటే ముందు వరసలో పున్నమ్మ ఉలిక్కిపడి లేచి, "అయ్యగారూ, అప్పుడేనా! ఇంకో అధ్యాయం చెప్పండయ్యా" అని బతిమాలింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కీర్తనలన్నిట్లోకీ పొడుగైనది వెతికి చదివారు. అంత మంచి నిద్ర మా వీధి ఎరగదు.

చదువుకున్నవాళ్లు కూడా నా పక్కే ఉన్నారు. మా కోడలు కల్పన పెడనలో బట్టల మీద అచ్చులేసే చోట పనిచేస్తుంది. ఫోన్లో అన్నీ చూస్తుంది.

"మావయ్యా, హైదరాబాదులో నిద్రపట్టనోళ్లు ఏం చేస్తన్నారో తెలుసా? యాప్‌కి డబ్బులు కట్టి మరీ ఫ్యాను మోత, జలపాతం మోత చెవిలో పెట్టుకుని పడుకుంటన్నారు."

"మరి మనకి?"

"మనకి ఫ్రీ కదా మావయ్యా!"

చూశారా? వాళ్లకి ఫోను చార్జింగు అయిపోతే మోత ఆగిపోతుంది. మాకు ఆ దిగులు లేదు.

ఆ మాటతో కృపావతికి ఊరట కలగలేదు. నన్ను బందరు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నాడి చూశాడు, నాలుక చూశాడు. నిశ్శబ్దంగా ఉండే చీకటి గదిలో పడుకోమన్నాడు. "అది ఏ మందుల షాపులో దొరుకుద్దండీ?" అని అడిగాను. ఆయన నవ్వి బిళ్లలు రాశాడు. ఆ బిళ్లలు వేసుకుంటే ఒళ్లు పడుకుంది. చెవులు పడుకోలేదు.

రొయ్యలకైతే ఇంత తిరుగుడు లేదు. టెక్నీషియనే బైకు మీద వాటి దగ్గరికొస్తాడు. నీళ్లు చూస్తాడు, పిల్ల రొయ్యని అరచేతిలో పెట్టుకుని కడుపు చూస్తాడు, ఆకలుందా లేదా కనుక్కుంటాడు. మా వీధిలో ఒక ముసలమ్మ అది చూసి, "బాబూ, నన్ను కూడా ఓసారి ఆ చెరువులో పడెయ్యి" అంది.

ధర్మారావు గారు మర్యాదస్తులు. వచ్చినప్పుడల్లా కారు దిగి పలకరిస్తారు.

"ఏం ఏలీయా, నిద్ర పట్టట్లేదంటగా?"

"లేదండి."

"ఎందుకయ్యా ఈ ఎకరం పట్టుకుని వేలాడతావ్? ఉప్పు ఊరి నాట్లు మాడిపోతన్నాయి. నాకు రాసిచ్చెయ్. లీజు డబ్బులు ఇంటికొస్తాయి. కాలు మీద కాలేసుకుని పడుకో."

"ఎక్కడండి?"

ఆయనకి అర్థం కాలేదు. ఆ ఎకరం కూడా చెరువైతే నీళ్లు మా గోడకి తగుల్తాయి. అప్పుడు నాలుగు వైపులా చక్రాలే. ఉప్పు మాటైతే నిజమే. గట్టు వారన వరి ఎర్రబడింది. మధ్యలో ఇంకా పచ్చగా ఉంది. ఆ మధ్యదే మా తిండిగింజలు. అది పోతే బియ్యం కొనుక్కుని, ఉప్పునీళ్లు చూసుకుంటూ, మేలుకుని కూర్చోవాలి. అందుకని ఆలోచించి చెప్తానన్నాను. నాకు ఆలోచించడానికి టైము బాగానే ఉంటుంది.

ఆయన నాకు ఒక ఉద్యోగం కూడా ఇచ్చారు. "నీకెలాగూ నిద్రుండదుగా. చక్రాలు ఆగితే నాకో ఫోన్ కొట్టు" అన్నారు. జీతం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇన్నేళ్లకి నాలో ఒక అర్హత కనిపెట్టారు. అది చాలదా?

మొన్న ఆ ఉద్యోగం చెయ్యాల్సి వచ్చింది. మధ్యాహ్నం. బాగా మబ్బేసి ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. చక్రాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

వీధి వీధంతా బయటికొచ్చింది. ఏం జరిగిందోనని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎక్కడో పిచిక అరిచింది. "అదేంటి?" అని ఒక పిల్ల అడిగింది. కృపావతి ఏదో అంది. చాన్నాళ్లకి ఆవిడ గొంతు విన్నాను. బాగానే ఉంది.

జనరేటర్ వేసే కాపలా మనిషి అప్పయ్య జొరమొచ్చి ఇంటికెళ్లిపోయాడు. రొయ్యలు అప్పటికే నీళ్ల పైకి తేలి గాలికి నోళ్లు తెరుస్తున్నాయి. నేను గుడివాడకి ఫోన్ చేశాను. ధర్మారావు గారి భార్య ప్రభావతి గారు ఎత్తారు.

"ఆయనిప్పుడే కునుకు తీశారండి" అన్నారు గొంతు బాగా తగ్గించి. "మధ్యలో లేపితే తలనొప్పొచ్చుద్ది. రాత్రి కూడా తొమ్మిది గంటలే పడుకున్నారు. నాలుగింటికి చెయ్యండి, ఏమనుకోకుండా."

ఆవిడ గొంతు వెనక ఏ చప్పుడూ లేదు. నేను చెవి ఒత్తి పెట్టి విన్నాను. గోడ గడియారం మాత్రం వినపడింది.

ఫోను పెట్టేశాక నాకు ఒక సందేహం వచ్చింది. నిద్రలేకపోవడం ఇంత అదృష్టమని ఇందాకటినించీ మీకు చెప్తున్నానే, మరి ఈ అదృష్టమంతా ఆయన మాకే ఎందుకు వదిలేశారు? గుడివాడలో ఆయన పెరడు పెద్దదేనంట. అక్కడో చిన్న చెరువు తవ్వించుకుని, నాలుగు చక్రాలు పెట్టించుకోవచ్చుగా?

రొయ్యలు నాలుగింటిదాకా ఆగవు. వాటి మీద నాకు పగ లేదు. అవి లీజు రాయించుకోలేదు. షెడ్డుకెళ్లి జనరేటర్ నేనే వేశాను. చక్రాలు తిరిగాయి. వీధిలో జనం లోపలికెళ్లిపోయారు. కృపావతి నోరు కదులుతోంది, మాట వినపడలేదు. నా నిద్ర చెడగొట్టే మోతని నా చేత్తో నేనే మొదలెట్టి ఇంటికొచ్చాను.

సాయంత్రం ధర్మారావు గారు ఫోన్ చేశారు. గొంతు తాజాగా ఉంది.

"ఏలీయా, నువ్వు బంగారమయ్యా! చెరువు నిలబెట్టావ్. చూశావా, నువ్వూ నేనూ ఒకటే ఇక. ఆ లీజు కాగితం రెడీ చేయించా. రేపొచ్చి సంతకం పెట్టెయ్."

"వస్తానండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే చాప చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరమ్మ అడిగింది.

"చాప ఎక్కడికి పెద్దాయనా? ఆసుపత్రిలో ఎవరన్నా ఉన్నారా?"

"లేదమ్మా. గుడివాడలో నిద్రపోడానికి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఎందుకైనా మంచిదని కిటికీ పక్కన సీటిచ్చింది. చల్లపల్లి దాటి, పామర్రులో బస్సు మారి గుడివాడ చేరాను. ధర్మారావు గారిల్లు వీధి చివర ఉంది. ఆయనింకా లేవలేదు. ప్రభావతి గారు కాఫీ ఇచ్చారు, మంచి మనిషి. తాగి, వసారాలో ఫ్యాను కింద చాప పరుచుకున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు.

"ఏలీయా! ఏలీయా! ఏంటయ్యా ఆ గురక! నాకు నిద్ర లేకుండా చేశావ్!"

కళ్లు తెరిస్తే ధర్మారావు గారు లుంగీలో, జుట్టు చెదిరిపోయి, చేతిలో కాగితంతో నిలబడి ఉన్నారు.

"సంతకానికొచ్చినోడివి పడుకుంటావేంటి?"

"లీజు మాట్లాడదామనే వచ్చానండి. నా ఎకరం కాదు. మీ వసారా."

"వసారానా?"

"రాత్రిళ్లకి చాలండి. పగలు మీరే వాడుకోండి. నా ఎకరంలో నేను వరి వేసుకుంటాను. మీ చక్రాలు మీరు తిప్పుకోండి. పడుకోడానికి మాత్రం ఇక్కడికొస్తా."

"పరాచికాలా?"

"నాకు రావండి. మా ఆవిణ్ణి అడగండి. మా వీధివాళ్లు కూడా వస్తామంటన్నారు. చాపలు వాళ్లే తెచ్చుకుంటారు."

ఆయన వసారా ఈ చివర నుంచి ఆ చివరకి చూసుకున్నారు. ఎంతమంది పడతారో లెక్కేస్తున్నట్టున్నారు. ఆపైన కలం నా వైపు చాపారు, అలవాటుగా.

నేను కలం తీసుకోలేదు. కాగితం తీసుకున్నాను. మంచి మందం కాగితం. నాలుగు మడతలు పెట్టి, తల కింద ఉంచుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాను.