పిల్లతల్లి చిలక ఉన్న ఇంట్లో పాటించవలసిన మర్యాదలు

ఆగిరిపల్లి మండలపు మామిడి రైతు శ్రీ లక్ష్మీనరసింహారావు గారి గృహమందు ఒక చిలక పిల్ల జన్మించినందున, వారి వీధిలో హారన్ మోగించడం, గట్టిగా దగ్గడం, కూరగాయల బండివాళ్ళు కేకలు వేయడం నిషేధించడమైనది. ఈ మేరకు గేటుకు బోర్డు కట్టారు. బోర్డులోని తెలుగు నాదే. రిటైరైన తెలుగు మాస్టారు ఊళ్ళో ఉంటే ఇలాంటి ఉపయోగాలుంటాయి.

ఆ చిలకలు మన చిలకలు కావు. ఆఫ్రికావి. బూడిద రంగు ఒళ్ళు, ఎర్ర తోక. పెంచుకోవడానికి కావలసిన కాగితాలన్నిటితో ఏసీ కారులో దిగాయి. మగదాని పేరు విక్టర్, ఆడదాని పేరు విక్టోరియా. మన చిలకలు రావు గారి తోటలో ఉంటాయి. వాటిని తోలడానికి పోతురాజు అనే మనిషి తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా రేకు డబ్బా వాయిస్తూ ఉంటాడు. ఊరి చిలక కాయ కొరికితే చీడ, సీమ చిలక వేలు కొరికితే ముద్దు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. మనుషుల విషయంలోనూ మనం పాటిస్తున్న పద్ధతే.

పిల్లకు ఇరవై ఒకటో రోజున బారసాల చేసి ప్రిన్స్ అని పేరు పెట్టారు. బాపులపాడు నుంచి, ఉంగుటూరు నుంచి బంధువులు దిగారు. వచ్చిన ప్రతివారికీ రావు గారు గూటిపెట్టె తలుపు తీసి, పిల్లను అరచేతిలో పెట్టుకుని చూపించారు. రాలేనివాళ్ళ కోసం రావు గారి కూతురు సాయి ప్రియ గంటకొక వీడియో పెట్టింది.

ఇంత ప్రేమ పొందుతున్న పక్షులు అందుకు తగ్గట్టు నడుచుకోలేదు. విక్టర్ రావు గారి చూపుడువేలు కొరికి రెండు కుట్లు వేయించాడు. విక్టోరియా మనిషి అలికిడి అయితే చాలు, నీళ్ళ గిన్నె తిరగేసి కెవ్వుమనేది. ఆఖరికి సొంత పిల్ల మెడ మీద అప్పుడప్పుడే మొలుస్తున్న ఈకలను పీకడం మొదలుపెట్టింది.

"కన్నతల్లి చేసే పనేనా ఇది?" అని రావు గారు ఒక పూట అన్నం మానేశారు.

హైదరాబాదు నుంచి పక్షుల ప్రవర్తనా నిపుణురాలు మేఘన గారిని పిలిపించారు. ఆవిడ రెండు గంటలు కదలకుండా కూర్చుని చూసి, పదకొండు పేజీల నివేదిక ఇంగ్లీషులో ఇచ్చి వెళ్ళారు. తెలుగు చేసింది నేనే. సారాంశం ఏమనగా: పిల్లను సాకే తల్లి అలిసిపోయి ఉంటుంది. కొరికితే అది పొగరు కాదు, భయం. తిట్టరాదు. కొత్తవాళ్ళు దగ్గరకు పోరాదు. రెండు గంటలకోసారి మెత్తని మేత, చాలినంత నిద్ర, చుట్టూ నిశ్శబ్దం ఉండవలెను. అన్నిటికన్నా ముఖ్యం, తల్లిని పిల్లను విడదీయరాదు.

రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

అమలు ఆ రోజే మొదలైంది. బంధువులు కొత్తవాళ్ళెలా అవుతారని రావు గారు ప్రశ్నించినందున ఆ నియమం ఒక్కటీ పక్కన పెట్టారు. ఇక మిగిలింది నిశ్శబ్దం. ఆ ఇంట్లో నిశ్శబ్దానికి భంగం కలిగిస్తున్న శాల్తీ వెతకగా వెతకగా ఒక్కటే దొరికింది. పోతురాజు కూతురు, మూడు నెలల కీర్తిప్రియ.

పోతురాజు భార్య ప్రియాంక ఆ ఇంట్లో పని చేస్తుంది. చిలకలకు బొప్పాయి ముక్కలు కోసేదీ, గింజలు నానబెట్టేదీ, గూడు కడిగేదీ ఆమే. పిల్లను వెనక వరండాలో చీర ఉయ్యాలలో వేసుకుని, ఏడ్చినప్పుడు పాలిచ్చి వచ్చేది.

రావు గారి భార్య నాగేంద్రమ్మ గారు ఆమెను పిలిచారు. "ఏవే ప్రియాంకా, నీ పిల్ల ఏడిస్తే విక్టోరియా బెదిరిపోతుంది. పిల్లని తోట షెడ్డులో మీ ఆయన దగ్గర ఉంచు."

"పాలు తాగే పిల్లండీ. షెడ్డు చూస్తే అంత దూరం."

"మధ్యాహ్నం ఒకసారి వెళ్ళిరా. అస్తమానం అటు పరిగెడితే ఇక్కడ మేతకి టైము తప్పుద్ది."

"నా పిల్లకీ రెండు గంటలకే ఆకలేస్తుందండీ."

"డబ్బా పాలు పట్టించవే. మనుషుల పిల్లలకేం, గట్టి పిండాలు. నాలుగు రోజుల్లో అలవాటైపోద్ది."

కీర్తిప్రియ షెడ్డుకు మారింది. పోతురాజు ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో డబ్బా వాయించేవాడు. వాయిస్తే పిల్ల ఉలిక్కిపడి లేచేది. ఆపితే కాయల మీద చిలకలు వాలేవి. ఈ సమస్యకు నివేదికలో పరిష్కారం సూచించలేదు.

ఇల్లంతా నిశ్శబ్దమైనా విక్టోరియా మారలేదు. ఒక ఉదయం ప్రిన్స్ మెడ మీద నెత్తురు కనిపించింది. రావు గారు కుర్చీలో కూలబడ్డారు. మేఘన గారి ఫోను కలవలేదు.

గిన్నె కడుగుతున్న ప్రియాంక తల ఎత్తకుండానే అంది. "దాన్ని వదిలేయండి అయ్యగారూ. గంటకోసారి పెట్టె తీసి పిల్లను లాక్కుంటుంటే అదేం చేస్తుందండీ? కోపం ఎవరి మీద చూపించాలో తెలీక పిల్ల మీద చూపిస్తుంది. నేనైతే మిమ్మల్ని ఎప్పుడో కరిచేదాన్ని."

రావు గారికి కోపం రావలసిన మాటే. భయంలో మరిచిపోయారు. "అయితే నువ్వే చూడు," అన్నారు.

ఆమె చేసింది పెద్దగా ఏమీ లేదు. గూటి మీద పాత దుప్పటి సగం కప్పి, గది తలుపు మూసింది. మేతకు తప్ప తెరవలేదు. సాయి ప్రియ ఫోను పట్టుకుని వస్తే వెనక్కి పంపింది. మండల నాయకులు ఆనంద్ బాబు గారు సకుటుంబంగా వస్తే, "తల్లి పడుకుందండీ" అని గుమ్మంలోంచే సాగనంపింది. వారం తిరిగేసరికి అరుపులు తగ్గాయి. ఆ తర్వాత వారానికి విక్టోరియా పిల్ల నోట్లో ముక్కు పెట్టి మేత అందిస్తూ కనిపించింది. పిల్ల మెడ మీద ఈకలు మొలిచాయి.

ఇంతటి విజయానికి సన్మాన సభ జరపకపోతే మర్యాద కాదు. రావు గారి పెరట్లో షామియానా వేశారు. మేఘన గారికి శాలువా కప్పారు. "నేను కాగితం మీద రాశానంతే. దగ్గరుండి పాటించినవాళ్ళకి చెందాలి ఇది," అన్నారావిడ. రావు గారు వినయంగా లేచి, సభకు నమస్కారం పెట్టి, మైకు అందుకున్నారు.

"ఈ మూగజీవాల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే! తల్లిని పిల్లను విడదీయడాన్ని మించిన పాపం ఈ లోకంలో లేదు! పిల్లతల్లికి నిశ్చింత లేని ఇల్లు ఇల్లే కాదని ఈ వేదిక మీద నుంచి మనవి చేస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. మంచి తెలుగు.

ఆ సమయానికి ప్రియాంక ట్రేతో, తోటలో కాసిన చిన్న రసాల జ్యూసు పంచుతోంది. సభ కారణంగా మధ్యాహ్నం షెడ్డుకు వెళ్ళడం ఆ రోజుకు రద్దు చేశారు. మూడు దాటింది. ఆమె రవిక ముందంతా పాలతో తడిసి ఉంది. కొంగు ఎంత సర్దినా దాగడం లేదు. నేను సభామర్యాద పాటించి తల తిప్పుకున్నాను.

రెండో వరుస చివర ఆమె ట్రే కింద పెట్టేసింది.

"ఎక్కడికే?" అన్నారు నాగేంద్రమ్మ గారు గొంతు తగ్గించి.

"పిల్ల దగ్గరికండీ."

"సభ అయ్యాక వెళ్ళొచ్చుగా!"

"అయ్యగారు చెప్పింది విన్నాక కూడా ఆగమంటారేంటండీ?" అని, ఆమె జనం మధ్యలోంచే నడిచి వెళ్ళిపోయింది. ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. ఇప్పుడు వేరేవాళ్ళ దగ్గర, కాయలు పెట్టెలకెత్తే షెడ్డులో చేస్తోందట. అక్కడ ఆడవాళ్ళు పిల్లల్ని పక్కనే పడుకోబెట్టుకుంటారు. పోతురాజు డబ్బా నిశ్చింతగా రెండు చేతులా వాయిస్తున్నాడు.

మాది మూడో వరుస. జ్యూసు మా దాకా రాలేదు. ఈ మధ్య పనివాళ్ళ ప్రవర్తన బొత్తిగా పాడైపోయిందని, పక్షులకున్నట్టే దీనికీ ఎవరైనా నిపుణులుంటే పిలిపించడం మంచిదని వరుసంతా ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. నేను కాదనలేదు. మీరు ఆ కుర్చీలో ఉన్నా కాదనేవారు కాదు. అసలే ఎండలు, పైగా చిన్న రసాలు.