వెయ్యికి తొమ్మిదివందల పదహారు

స్వచ్ఛతా ముద్ర కార్యాలయం ప్రారంభోత్సవంలో అధికారిగారు ప్రజలకు రెండు శుభవార్తలు తెలియజేశారు. బంగారు నగల మీద ముద్ర వేసే యంత్రం వచ్చేసింది. ఆ నగల్లో బంగారం ఎంతుందో తేల్చే యంత్రం రావలసి ఉంది. రెండో వార్తకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. ముందు వరసలో కూర్చున్నవారంతా నగల దుకాణాల యజమానులు కావడం కేవలం యాదృచ్ఛికం.

చట్టం మాత్రం చాలా గట్టిది. ముద్ర పడిన నగలో వెయ్యి పాళ్ళకు తొమ్మిదివందల పదహారు పాళ్ళు బంగారం ఉండి తీరాలి. తక్కిన ఎనభై నాలుగూ రాగో వెండో కావచ్చు. తొమ్మిదివందల పదిహేనున్నా నేరమే. ఇంత కచ్చితమైన చట్టానికి తగిన నికార్సయిన మనిషి కావాలని ఊరంతా గాలించి, పరీక్షకుడి కుర్చీలో గీటురాయిగారిని కూర్చోబెట్టారు.

ఊరు ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే. నల్లరాతి మీద నగతో ఒక్క గీత గీసి, దానిపై ఆమ్లం చుక్క వేసి, మిగిలిన రంగును బట్టి వన్నె చెప్పడం ముప్పై ఏళ్ళుగా ఆయన వృత్తి. పెళ్ళినాడు మామగారు తొడిగిన ఉంగరాన్ని అక్కడికక్కడే గీసి చూసి, "కాస్త తక్కువుందండీ" అన్న ఘనుడాయన. మామగారు ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికారు గానీ అల్లుడితో నేరుగా మాట్లాడలేదు.

కొలువులో చేరిన రోజున గీటురాయి సంచిలోంచి రాయి తీసి బల్లమీద పెట్టుకున్నాడు.

"అది లోపల పెట్టండి. చట్టంలో రాయి లేదు, యంత్రం అని ఉంది," అన్నారు అధికారిగారు.

"యంత్రం రాలేదు కదండీ?"

"తెప్పిస్తామని పైవాళ్ళు రాశాక వచ్చినట్టే."

"మరి అందాకా నేనేం చెయ్యాలి?"

"సంతకం. ఇదుగో, 'పరీక్షించడమైనది' అని ఉంది చూడండి, దాని కింద."

"పరీక్షించకుండానా?"

అధికారిగారు ఆయన్ని జాలిగా చూశారు. "చూడండీ, ముద్ర ఉన్న నగ స్వచ్ఛంగా ఉండాలని చట్టం. ముద్ర వేశాక కూడా అది స్వచ్ఛంగా లేదంటే, చట్టాన్ని మీరింది నగ. మధ్యలో మనమేం చేశాం?"

ఈ వాదంలో తప్పెక్కడుందో గీటురాయికి తెలుస్తూనే ఉంది గానీ వేలు పెట్టి చూపలేకపోయాడు. మొదటి సంతకం పెట్టేముందు కలాన్ని మూడుసార్లు కింద పెట్టాడు. పదో సంతకానికి ఒక్కసారీ పెట్టలేదు. వారం తిరిగేసరికి పళ్ళేలకు పళ్ళేలు నగలు ఆయన ముందునుంచి ఏటికి అడ్డులేనట్టు సాగిపోతున్నాయి.

ఊళ్ళో స్వచ్ఛత వెల్లివిరిసింది. ఏళ్ళ తరబడి గాజు అరల్లో పడి ఉన్న కాకిబంగారం కూడా ముద్ర పడగానే మెడలెక్కింది. ఇత్తడి బిందెల వర్తకుడు తన బిందెలకూ ఒక ముద్ర వేయించుకుందామని వచ్చాడు. పాలవాడు కూడా వచ్చి ఆరా తీసి వెళ్ళాడు. ఒక పెద్దమనిషి ఏకంగా తన కొడుకును వెంటబెట్టుకొచ్చి, నడవడికి ఏమైనా ముద్ర ఉందా అని అడిగాడు. పళ్ళెంలో పట్టడు గనుక కుదరదని ఆయనకు లిఖితపూర్వకంగా జవాబిచ్చారు.

ఆ ఆదివారం గీటురాయి వదినగారు, అంటే భార్య అక్కగారు, మూడుపేటల హారం వేసుకుని వచ్చింది.

"దుకాణంవాడు ఏవేవో చెప్పాడు మరిదీ, నేను వింటేగా! కాగితం మీద నీ సంతకం చూశాకే కొన్నాను. సొంతవాణ్ణి కాక ఇంకెవర్ని నమ్ముతాం?"

గీటురాయి భోజనం మధ్యలోనే లేచాడు. చెయ్యి కడుక్కుని, "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు వదినా," అన్నాడు. మెచ్చుకుంటాడనుకుని ఆమె ఇచ్చింది. రాతిమీద గీత పడింది. గీత మీద చుక్క పడింది. గీత పచ్చగా బుసకొట్టి ఆనవాలైనా లేకుండా పోయింది.

"ఎంతుంది మరిదీ?"

"నాలుగొందలుంటే గొప్ప."

"వెయ్యికా?"

"వెయ్యికే."

వదినగారు హారం లాక్కుని, అద్దం ముందు నిలబడి, మళ్ళీ మెడలో వేసుకుంది. "దుకాణంవాడు మోసం చేశాడో లేదో నాకు తెలీదు గానీ మరిదీ, ఇందాకటిదాకా ఇది బంగారమే. ఇత్తడి చేసింది మాత్రం నువ్వే," అంది. మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోయింది.

"సంతకాలు పెట్టినన్నాళ్ళూ నిద్రపోయిన మీ నిజాయితీ, మా అక్క మెడ చూడగానే లేచి కూర్చుందా?" అంది భార్య.

ముప్పై ఏళ్ళలో ఎవరూ గీటురాయిని అంత లోతుగా గీయలేదు. మర్నాడు ఆయన కలం ముట్టలేదు. పరీక్షించనిదే సంతకం పెట్టనని రాసిచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ముద్ర ఆగింది. దుకాణాలు మూశారు. జనం వీధికెక్కారు. "మా ముద్ర మాకు కావాలి!" అని అరిచినవారిలో అందరికంటే పెద్ద గొంతు వదినగారిది. ఈ గొడవకు బెదిరి పైవాళ్ళు ఎట్టకేలకు పరీక్ష యంత్రాన్ని పంపారు. మొదటి పళ్ళెంలో పద్నాలుగు నగలు పెడితే, ఒక్కటీ ఆరువందలు దాటలేదు. అధికారిగారు యంత్రాన్ని ఓసారి తట్టి చూసి, "పాపం, కొత్త చోటు. నీళ్ళు పడలేదేమో," అన్నారు.

నిపుణుల సంఘం కూర్చుంది. ఉత్తర్వు వెలువడింది: ముద్ర పడిన నగను పరీక్షించడమంటే ముద్రను శంకించడమే, ముద్రను శంకించడమంటే చట్టాన్ని అవమానించడమే. కనుక ఇకమీదట ముద్ర లేని నగలను మాత్రమే పరీక్షించవలెను. ముద్ర లేని నగలను అమ్మడం అప్పటికే నిషేధం గనుక యంత్రానికి పూర్తి విశ్రాంతి దొరికింది. దాని మీద ముఖమల్ గుడ్డ కప్పారు.

గీటురాయికి ఘనంగా వీడ్కోలు సభ జరిపారు. "ఇంతటి నిజాయితీపరుడు మన కార్యాలయానికి దొరకడం మన అదృష్టం," అన్నారు అధికారిగారు గద్గద స్వరంతో. "అయితే రాయి కూడా వాడగా వాడగా అరిగిపోతుంది. అటువంటి అపురూపమైన మనిషిని వాడకుండా దాచుకోవడం మన కనీస ధర్మం!" చప్పట్లు మోగాయి. తనను ఉద్యోగంలోంచి తీసేశారన్న సంగతి గీటురాయికి ఇంటికెళ్ళాక గానీ అర్థం కాలేదు.

ఆయన ఆ వీధిలోనే ఒక చిన్న గది తీసుకున్నాడు. 'ఏ నగ అయినా ఉచితంగా గీసి వన్నె చెప్పబడును' అని బోర్డు పెట్టాడు. తాను సంతకాలు పెట్టి ముంచినవాళ్ళకు గీతలు గీసైనా రుణం తీర్చుకోవాలని ఆయన ఆశ. రెండు వారాలు ఈగ కూడా వాలలేదు. ఆ గది ముందుకు రాగానే ఆడవాళ్ళు పైట సర్దుకునేవారు, మగవాళ్ళు ఉంగరం చెయ్యి జేబులో పెట్టుకునేవారు.

మూడోవారం ఒకావిడ అటూ ఇటూ చూసి, చటుక్కున లోపలికొచ్చింది. చేతిరుమాలు మూట విప్పి గొలుసు ముందు పెట్టింది. గీటురాయికి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది.

"నిజం తెలుసుకుందామని మీరొక్కరైనా వచ్చారమ్మా."

"నాది కాదండీ," అందావిడ గొంతు తగ్గించి. "మా తోడికోడలిది. ఒకపూట పెట్టుకుని ఇస్తానని అడిగి తెచ్చాను. మీరు మాత్రం కాస్త గట్టిగా గీసి చెప్పండి."

సాయంత్రానికి వీధి మలుపుదాకా వరస కట్టారు. ఆడపడుచు గాజులు, పక్కింటావిడ దుద్దులు, వియ్యంకుడి ఉంగరం, పై అధికారి గడియారపు గొలుసు అన్నీ వచ్చాయి. ఆ వరసలో తన సొంత నగతో నిలబడ్డవారు ఒక్కరూ లేరు. గీటురాయికి ఇప్పుడు అన్నం తినడానికి కూడా తీరిక లేదు.

ఇది చదివి మీరు నవ్వుకునే ఉంటారు. మంచిదే. కానీ మూడుపేటల హారం దగ్గరికి వచ్చేసరికి మీకు ఎవరి మెడ గుర్తొచ్చిందో, కాస్త నిజం చెప్పండి.