చుక్క వెంటపడిన పర్యవేక్షణరావు

రాడార్ సెన్సర్లు తయారుచేసే ఆ కంపెనీలో అతన్ని అందరూ చాటుగా పర్యవేక్షణరావు అనేవారు. ఎవరు పని చేస్తున్నా ఎదురుగా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడడం తప్ప అతనికి వేరే పని రాదు. ఆ ఉదయం అతని పథకం మహా సులువైనది. కొత్త సెన్సర్ని కొనడానికి ఓ ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఆవిడ మెచ్చుకోవాలి, సాయంత్రానికల్లా తను డిజైన్ విభాగానికి అధిపతి అయిపోవాలి. భార్యకైతే అయిపోయినట్టే చెప్పి వచ్చాడు.

ఆ సెన్సర్‌కి ప్రాణం ఫేజ్ షిఫ్టర్ సర్క్యూట్. ఒక్కో యాంటెన్నాకి వెళ్ళే తరంగాన్ని రవ్వంత వెనక్కి జరిపి, కిరణాన్ని కావలసిన వైపు తిప్పుతుంది. నెలల తరబడి కంటికి కునుకు లేకుండా కూర్చుని దాన్ని తయారుచేసింది ఓ అమ్మాయి. దాని మీద పేరు మాత్రం పర్యవేక్షణరావు తనది వేసుకున్నాడు.

గది చివర, సరిగ్గా మధ్యలో, ఓ రేకు ముక్క నిలబెట్టారు. తెర మీద దాన్ని చూపించే చుక్క కూడా మధ్యలోనే కనిపించాలి. అమ్మాయి స్విచ్ వేసింది. పర్యవేక్షణరావు అలవాటు ప్రకారం సెన్సర్‌కి ఎదురుగా, కాస్త ఎడమగా వెలిశాడు. చుక్క ఎడమకి పోయింది.

"ఏంటమ్మా ఇది? ఫేజ్ తప్పింది!"

"సార్, మీరు అక్కడ..."

"నేనెక్కడుంటే నీకెందుకు? విలువలు మార్చు."

అమ్మాయి మార్చింది. చుక్క మధ్యకి వచ్చింది. అతను మీసం దువ్వుకుంటూ కుడివైపుకి నడిచాడు. చుక్క కూడా కుడికి నడిచింది. మళ్ళీ మార్పించాడు. బోర్డు మార్పించాడు, తీగలు మార్పించాడు. అంత బొజ్జ కిరణానికి అడ్డం పెట్టి సర్క్యూట్‌ని తిట్టాలంటే ఎంత చదువు చదివి ఉండాలి!

చివరికి అమ్మకాలు చూసే బావమరిదిని పిలిపించాడు. అతనూ వచ్చి పక్కనే నిలబడ్డాడు. తెర మీద రెండు చుక్కలు.

"బావా, ఈ రెండోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"సర్క్యూట్‌కి మతిపోయిందిరా! ఆవిడ అడిగితే, ఇంకొకటి ఉచితమని చెప్పు."

అంతలో యజమాని ఆవిడని వెంటబెట్టుకుని రానే వచ్చాడు. ఆ కంగారులో అమ్మాయి గబగబా తన పాత విలువలు పెట్టేసింది. బావమరిది గోడకి అంటుకుపోయాడు. పర్యవేక్షణరావు మాత్రం చుక్కని మధ్యకి తేవాలని అటూ ఇటూ పరుగెత్తసాగాడు. అడుగు తప్పకుండా చుక్కా పరుగెత్తింది.

ఆవిడ నోరు తెరుచుకుని తెరకేసి చూసింది. "ఇదేంటండీ, ఈయన ఎటు పోతే అటే వస్తోంది! ఎవరు చేశారు దీన్ని?"

తప్పు ఎవరిదని నిలదీస్తోందనుకున్నాడు పర్యవేక్షణరావు. "నాకేం తెలీదు మేడం! అంతా ఈ అమ్మాయే చేసింది! పేరొక్కటే నాది!"

"అవును మేడం, బావకి ఏమీ రాదు" అని బావమరిది గట్టిగా వత్తాసు పలికాడు.

"మా యంత్రాల దగ్గరికి మనిషి వస్తే ఇలాగే పట్టుకోవాలి. ఇదే ఖాయం చేసుకుంటాం" అంది ఆవిడ.

యజమాని అక్కడికక్కడే అమ్మాయిని విభాగానికి అధిపతిని చేశాడు. పర్యవేక్షణరావు భుజం తట్టి, ఇంత నిజాయితీపరుణ్ణి తానెక్కడా చూడలేదన్నాడు.

ఉద్యోగంలో చేరాక చెప్పిన ఆ ఒక్క నిజానికి పర్యవేక్షణరావు ఇప్పటికీ పశ్చాత్తాపపడుతూనే ఉన్నాడు.